ఉంగరం వేలి లోపలి ఉంగరం

ఒక చిన్న పని చేయండి. అరచేతిని బల్ల మీద బోర్లించండి. మధ్యవేలిని మాత్రం మడిచి అరచేతి కిందికి నెట్టండి. ఇప్పుడు బొటనవేలిని పైకెత్తండి. లేస్తుంది. చూపుడువేలు? అదీ లేస్తుంది. చిటికెనవేలు కూడా కాస్త బద్ధకంగానైనా లేస్తుంది. మరి ఉంగరం వేలు? ఎంత గింజుకున్నా బంక పెట్టి అతికించినట్టు అక్కడే ఉండిపోతుంది!

పాపం, దానికి ఒంటరిగా బతకడం రాదు. పక్కవేళ్లతో దాన్ని కలిపి కట్టేసే పట్టీలు చేతి వెనకవైపు ఉన్నాయి. ఉంగరం తొడగడానికి, బొట్టు పెట్టడానికి తప్ప దానితో ఎవరికైనా పెద్దగా పనేముంటుంది? కానీ ఆర్నెల్ల పాటు నా లోకమంతా ఆ ఒక్క వేలి చుట్టూనే తిరిగింది. కారణం... నేను రాళ్లెక్కుతాను.

బతుకుదెరువు రాతలతో, సరదా రాళ్లతో. ఆదివారం తెల్లారుజామున ఊరంతా ముసుగుతన్ని పడుకున్న వేళ నలుగురైదుగురం బయల్దేరతాం. నడుముకు చాక్ పొడి సంచి, వీపున మడత పరుపులాంటి క్రాష్ ప్యాడ్. ఒకరిద్దరు మనుషుల ఎత్తుండే బండను తాడు లేకుండా ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు. కింద ప్యాడ్, పడితే ఒడిసిపట్టడానికి పక్కన స్నేహితులు. సరంజామా అంతే. ఇక హైదరాబాద్ చుట్టుపక్కల బండలకు కొదవేముంది? దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు ఇది. ఎవరో పేర్చి వెళ్లినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి.

ఈ రాయి గరుకు. పట్టుకోవడానికి పెద్ద పెద్ద గూళ్లేమీ ఉండవు. వేలి కొస ఆనేంత అంచు ఒకటి, కందిగింజంత పలుకు ఒకటి. వాటిని పట్టుకోవడానికి క్లైంబర్లు చేసే పనిని ‘క్రింప్’ అంటారు. వేళ్ల కొసలు అంచు మీద ఆనించి, మధ్య కణుపుల్ని బాగా మడిచి, బొటనవేలిని చూపుడువేలి మీద వేసి బిగించడం. చూడ్డానికి చిన్నదే. మనిషి బరువంతా అక్కడే వేలాడుతుంది.

టప్‌మంది!

నవంబరు నెల. చలికి రాయి పొడిగా, పట్టు బాగా దొరికే రోజులు. నేను ఎక్కుతున్న బండ మీద అప్పటికి మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను. ఆ రోజు పైఅంచు ఇంకో మూరెడు దూరంలో ఉందనగా ఎడమకాలి కింది రాతి పలుకు ఊడొచ్చింది. ఒంటి బరువంతా ఒక్కసారిగా కుడిచేతి నాలుగు వేళ్ల మీద పడింది. చిటికెనవేలు జారింది. దాని వాటా కూడా పక్కనున్న ఉంగరం వేలే మోయాల్సి వచ్చింది.

అప్పుడు వినబడింది... ‘టప్’. ఎండిన చింతబరికను విరిచినట్టు.

ప్యాడ్ మీద పడ్డాను. కింద నిల్చున్న కుర్రాడికి కూడా ఆ చప్పుడు వినిపించింది.

‘‘అక్కా, ఏంటది? రాయి విరిగిందా?’’

‘‘రాయి కాదురా, నేనే.’’

ఇంటికొచ్చేసరికి వేలు మొదట్లో, అరచేతి వైపు బాగా వాచింది. వేలు ముడుచుకుంటోంది, కానీ దేన్నైనా పట్టుకోబోతే ప్రాణం పోతోంది. అమ్మ చూసి ‘‘నరం తెగిందేమోనే!’’ అంది.

మన భాషలో నరానికి ఉన్నంత పని దేనికీ లేదు. నెత్తురు మోసేదీ నరమే, నొప్పి తెలిపేదీ నరమే, వేలిని లాగే తాడూ నరమే. ఈ చివరిదాన్నే డాక్టర్లు టెండన్ అంటారు. బడి పుస్తకాల్లో స్నాయుబంధనం అని చదువుకున్నాం. కండను ఎముకకు కట్టే తాడన్నమాట.

విచిత్రం ఏమిటంటే వేళ్లను మడిచే కండ వేళ్లలో ఉండదు! నమ్మకం లేకపోతే ఒక చేతి ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని వేళ్లు ఆడించి చూడండి. కదిలేది అక్కడ. ఆ కండల నుంచి బయల్దేరిన తాళ్లు మణికట్టు దాటి, అరచేయి దాటి వేళ్ల దాకా వస్తాయి. బొటనవేలు తప్ప ఒక్కో వేలిని మడవడానికి రెండేసి తాళ్లు.

మరి వేలు ముడుచుకున్నప్పుడు ఆ తాడు విల్లుకు కట్టిన నారిలా ఎముకను వదిలి పైకి లేవాలి కదా? లేవదు. ఎందుకంటే దాన్ని ఎముకకు అదిమిపట్టే పట్టీలున్నాయి. గాలం కర్రకు వరసగా చిన్న రింగులుంటాయి చూశారా? దారం వాటి గుండా వెళ్తుంది. కర్ర వంగితే దారమూ దానితోపాటే వంగుతుంది. సరిగ్గా అదే ఏర్పాటు. వైద్యులు వీటిని పుల్లీలంటారు. నూతి మీద గిలకకూ ఇదే పేరు. ఒక్కో వేలికీ ఉంగరంలాంటి పుల్లీలు ఐదు. అన్నిటికంటే ముఖ్యమైనవి రెండోదీ నాలుగోదీ. రెండోది ఎక్కడుంటుందో తెలుసా? మనం ఉంగరం పెట్టుకునే చోటే!

క్రింప్ పట్టులో వేలి మధ్య కణుపు బాగా మడుచుకుంటుంది కాబట్టి తాడు పైకి తన్నుకొస్తుంది. వేలి కొస మోసే బరువుకు కొన్ని రెట్లు ఎక్కువ ఒత్తిడి ఈ రెండో ఉంగరం మీద పడుతుంది. కాలు జారి ఆ బరువు ఒక్క కుదుపుతో వచ్చిపడితే... ‘టప్’.

ఎక్స్‌రేకు అందనిది

మొదట చూపించుకున్న చోట ఎక్స్‌రే తీశారు. ఎముక భేషుగ్గా ఉంది. ‘‘బెణుకమ్మా, వారంలో తగ్గిపోతుంది. అయినా ఈ వయసులో మీకీ రాళ్లూ రప్పలూ ఎందుకు?’’ అన్నారు డాక్టరుగారు. ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసి, పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకురమ్మంది. విరిగింది ఎముక కాదు పిన్నీ అంటే ‘‘మరింకేముంటుందే వేల్లో?’’ అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే.

వారం గడిచింది. వాపు కొంచెం తీసింది గానీ నొప్పి అలాగే ఉంది. ఈసారి చేతి ఆపరేషన్లు మాత్రమే చేసే నిపుణుడి దగ్గరికి వెళ్లాను. ఆయన అల్ట్రాసౌండ్ యంత్రం ముందు కూర్చోబెట్టి, వేలి కొసను తన వేలికి అదిమి నొక్కమన్నారు. తెర మీద తెల్లటి గీతగా ఎముక, దాని మీద ఇంకో గీతగా టెండన్. నొక్కినప్పుడు రెండిటి మధ్య సందు కొద్దిగా పెరిగింది. ఆయన ఆ సందును కొలిచారు. 2 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా పుల్లీ పూర్తిగా తెగినట్టు లెక్కట. నాది దాటలేదు.

‘‘మీ ఉంగరం వేలికి లోపల ఐదు ఉంగరాలున్నాయమ్మా. రెండోది కొంత చిరిగింది’’ అన్నారాయన.

నేను అడగాలనుకున్న ప్రశ్న ఒక్కటే. అది గొంతులోనే ఆగిపోయింది. ఆయనకే అర్థమైనట్టుంది. ‘‘మళ్లీ ఎక్కుతారు. కానీ ఎప్పుడన్నది మీరు చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. వేలు చెప్పాలి’’ అన్నారు.

ఇంటికొచ్చాక దొరికినవన్నీ చదివాను. జర్మనీ వైద్యుడు ఫోల్కర్ షోఫెల్ స్వయంగా క్లైంబర్. గాయపడిన 604 మంది క్లైంబర్లను పరిశీలించి ఆయన బృందం 2003లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాళ్లలో 122 మందికి దెబ్బతిన్నది ఈ పుల్లీలే. గాయాన్ని వాళ్లు నాలుగు తరగతులు చేశారు. బెణుకు మాత్రమే అయితే మొదటిది. రెండో పుల్లీ కొంత చిరిగితే రెండోది. అది పూర్తిగా తెగితే మూడోది. ఒకటికి మించి తెగితే నాలుగోది, దానికి ఆపరేషన్. మిగతావాటికి కత్తి అక్కర్లేదు. నాది రెండో తరగతి. బడిలో లాగా పై తరగతికి వెళ్లాలని మాత్రం ఎవరూ కోరుకోరు!

ప్లాస్టిక్ ఉంగరం

మొదటి రెండు వారాలు వేలికి పూర్తి విశ్రాంతి. కుడిచేయి, అందులోనూ మధ్యలో వేలు. దాని కట్టుతో పప్పన్నం కలపడం ఎలా? ముప్ఫై దాటిన కూతురు చెంచాతో గోంగూర అన్నం తింటుంటే అమ్మ చూడలేక ముద్దలు కలిపి పెట్టింది. స్కూటర్ ముందు బ్రేకు పట్టకూడదు. బస్సులో పైకడ్డీ పట్టుకోకూడదు. తడిబట్టలు పిండకూడదు. కూరగాయల సంచిని వేళ్లకు తగిలించుకోకూడదు. ఆఫీసులో ఉంగరం వేలు కొట్టాల్సిన అక్షరాలన్నీ చూపుడువేలికి అప్పజెప్పాను. కథనాలు ఆలస్యమయ్యాయి. డెస్కులో ‘‘వేలు ఎప్పటికి వస్తుంది?’’ అని అడగడం మొదలెట్టారు, వేలేదో సెలవు మీద ఊరెళ్లినట్టు.

ఆ తర్వాత ఫిజియోథెరపిస్ట్ ఒక ఉంగరం చేసిచ్చింది. వేడినీళ్లలో వేస్తే మెత్తబడే ప్లాస్టిక్ పట్టీ. దాన్ని నా వేలి చుట్టూ చుట్టి, అరచేతి వైపు కొంచెం నొక్కి, చల్లారాక తీసిచ్చింది. లోపలి ఉంగరం చేసే పనిని ఇది బయటి నుంచి చేస్తుంది. టెండన్‌ను ఎముకకు అదిమిపట్టి ఉంచుతుంది. ఆ ఆసరాలో చిరిగినది సాగిపోకుండా అతుక్కుంటుంది. స్నానానికి తప్ప తీయడానికి లేదు.

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ‘‘ఈ వేలికి వజ్రపుటుంగరం చూద్దామనుకున్నా. ఇదా చివరికి!’’ అని నిట్టూర్చింది.

అందరూ అడిగేది ఒకటే. ఇంత చిన్న చిరుగుకు ఇన్ని నెలలా అని. కండకు గాయమైతే నెత్తురు బాగా అందుతుంది కాబట్టి త్వరగా కోలుకుంటుంది. టెండన్లకూ పుల్లీలకూ రక్తప్రసరణ తక్కువ. మొదట వాపు వస్తుంది. తర్వాత చిరిగిన చోట కొత్త పోగులు పుడతాయి, కానీ గడ్డివాములో పరకల్లా చిందరవందరగా. వాటికి ఒక దిక్కు తెన్నూ ఏర్పడి గట్టిపడటానికి నెలలు పడుతుంది. నొప్పి ముందే పోతుంది, బలం ఆలస్యంగా వస్తుంది. ఈ రెండింటి మధ్య కాలమే అసలు ప్రమాదం. చేయి బాగుందనిపిస్తుంది. బండ పిలుస్తుంటుంది. ఫిజియో మొదటి రోజే హెచ్చరించింది... ‘‘మేడమ్, నొప్పి తగ్గిన రోజు నాకు ఫోన్ చేయండి. రాళ్ల దగ్గరికి వెళ్లే ముందే చేయండి.’’

బకెట్టు వైద్యం

విశ్రాంతి తీసుకుంటే గాయం మానుతుందనేది సగం నిజమే. పూర్తిగా కదలకుండా ఉంచితే వేలు బిగుసుకుపోతుంది, పోగులు బలహీనంగానే మిగిలిపోతాయి. ఏ దిక్కున లాగితే ఆ దిక్కున పోగులు సర్దుకుంటాయి. ఎంత బరువు అలవాటు చేస్తే అంతకు తగ్గట్టు గట్టిపడతాయి. అంటే మందు పేరు బరువు. మోతాదు మాత్రం పుల్లీని చూసి వేయాలి.

ఐదో వారం నుంచి నాకు ఆ మందు మొదలైంది. ఓ చెక్కముక్క. దాని అంచు రెండు సెంటీమీటర్లు, వేళ్ల కొసలు ఆనేంత. దానికి తాడు, తాడుకు బకెట్. చెక్క అంచును వేళ్ల కొసలతో పట్టుకుని బకెట్‌ను నేల నుంచి జానెడు పైకి లేపాలి. వేళ్లు మరీ మడవకూడదు, కొక్కేల్లా తెరిచి ఉంచాలి. పది సెకన్లు. దించాలి. రెండు నిమిషాలు ఆగాలి. మళ్లీ. ఇలా ఆరుసార్లు, రోజు విడిచి రోజు.

బరువు లెక్కకు తూకం రాళ్లు అక్కర్లేదు. లీటరు నీళ్లు కిలో. మొదటి రోజు బకెట్‌లో రెండు లీటర్లు. ఒకప్పుడు నన్ను నేను పైకి లాక్కున్న చేయి రెండు లీటర్లకు వణికింది. ఏడుపొచ్చింది.

నియమం ఒకటే. పదికి రెండు మార్కుల నొప్పి వరకూ ఫరవాలేదు. మూడు దాటితే ఆపాలి. అంతకంటే ముఖ్యమైన పరీక్ష మర్నాడు పొద్దున. నిద్రలేవగానే వేలు మడిచి చూసుకోవాలి. నిన్నటికంటే బిగుసుగా ఉంటే ఒక లీటరు తగ్గించాలి. అలాగే ఉంటే ఇంకో అరలీటరు పోయొచ్చు. ఆరో వారం మూడు. ఎనిమిదో వారం ఆరున్నర. తొమ్మిదో వారం మళ్లీ ఐదు. పన్నెండో వారం పద్నాలుగు. వంటగది పక్క గోడ మీద పెన్సిల్‌తో రాసుకున్న ఈ అంకెల్ని చూసి పనమ్మాయి పాల లెక్క అనుకుంది.

పని అయ్యాక ఆ నీళ్లు పెరట్లో కరివేపాకు చెట్టుకు. ఎదురింటావిడ అమ్మతో ‘‘మీ అమ్మాయికి ఈమధ్య మొక్కల మీద ఎంత శ్రద్ధండీ!’’ అందట.

వేలు సరే, తల?

నాలుగో నెలలో ఫిజియో రాయి ముట్టుకోవడానికి ఒప్పుకుంది. క్రింప్ వద్దు, వాలు బండ మాత్రమే, అదీ తాడు కట్టుకుని. వాలు బండ అంటే మనకు భువనగిరి ఉండనే ఉంది. హైదరాబాద్‌కు 50 కిలోమీటర్ల లోపే. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఒంటిరాతి గుట్ట మీద కోట. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, తర్వాత భువనగిరి అయిందంటారు. ఇక్కడి రాక్ క్లైంబింగ్ స్కూల్లో శిక్షణ పొందినవాళ్లలో నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ ఒకరు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు.

ఇలాంటి వాలు బండ మీద వేళ్లకు పని తక్కువ. బూటు రబ్బరుకూ రాతికీ మధ్య రాపిడే మనల్ని నిలబెడుతుంది. అరచేతులు ఊరికే ఆనించి, బరువు కాళ్ల మీద వేసి, నడిచినట్టే పైకి వెళ్లాలి. శరీరానికి ఇది సులువు. నా తలకు మాత్రం కాలేదు. ప్రతి అడుగుకూ కాలి కింద పలుకు ఊడిపోతుందేమోనని గుండె దడ. 20 అడుగుల ఎత్తులో తాడుకు వేలాడుతూ, వేలిని నోటి దగ్గర పెట్టుకుని పసిపిల్లలా కూర్చున్నాను. కింద తాడు పట్టుకున్న కుర్రాడు తొందరపెట్టలేదు. ‘‘కాళ్లకేం కాలేదు కదక్కా. వాటి మీద నిలబడు’’ అన్నాడంతే.

ఆ సాయంత్రం నాకు గుర్తొచ్చిన మనిషి టామీ కాల్డ్‌వెల్. అమెరికన్ క్లైంబర్. 2001లో రంపపు యంత్రం కింద పడి ఎడమచేతి చూపుడువేలు తెగింది. అతికించి చూశారు, నిలవలేదు. ఆ వేలు లేకుండానే 2015 జనవరి 14న కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ మీద ‘డాన్ వాల్’ను కెవిన్ జార్జెసన్‌తో కలిసి ఎక్కాడు. దాదాపు 3000 అడుగుల నిట్టనిలువు గోడ, 19 రోజులు. ఆయన ఘనత గురించి అందరూ మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది ఆ రెండు తేదీల మధ్య ఉన్న 13 ఏళ్లు. ఆ వేలు లేని చేతిని నమ్మడం ఆయన ఎన్ని వేలసార్లు మొదటి నుంచి నేర్చుకుని ఉంటాడు?

నేనూ వారం విడిచి వారం భువనగిరి వెళ్లాను. ఐదోసారికి తాడును చూడటం మానేశాను. ఆరోసారికి వేలిని చూడటం కూడా.

అతుక్కోనిది

ఐదో నెల చివర్లో, చేతికి టేపు చుట్టుకుని, నన్ను గాయపరిచిన బండను చూసొద్దామని వెళ్లాను. ఎక్కడానికి కాదు, ఊరికే పలకరించడానికి. దారి మొదట్లోనే నీలం రేకులు అడ్డొచ్చాయి. సందులోంచి చూశాను. బండ ఉంది, కానీ సగమే. మిగిలిన సగం అంచున వరసగా డ్రిల్లు గొట్టాల చారలు. కింద చదును చేసిన ఎర్రమట్టి. నా కాలి కింద పలుకు ఊడిన వైపు ఏమీ లేదు.

నేలలోపల పగుళ్ల వెంట నీరు చేరి, రాయిని మూలల్లోంచి కొరుక్కుంటూ గుండ్రం చేసి, పైమట్టి కొట్టుకుపోయాక బయటపడిన బండలివి. వీటిని కాపాడాలని ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ వాళ్లు 1996 నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. కొన్ని దక్కాయి. చాలా పోయాయి. ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, నేనుండే అపార్ట్‌మెంట్ కిందా ఒకప్పుడు ఏదో బండ ఉండే ఉంటుంది. ఆ మాట కాదనలేను. కానీ ఆ రేకుల దగ్గర నిలబడి నా వేలిని చూసుకుంటే ఒక లెక్క తేలింది. రెండింటికీ దెబ్బ దాదాపు ఒకే కాలంలో తగిలింది. నాది ఆర్నెల్లలో అతుక్కుంది. దానికి ఆ వరం లేదు.

ఆరో నెల మొదటి ఆదివారం, వేరే దిక్కున వేరే బండ మీద, వేళ్లు మడిచి క్రింప్ పట్టాను. చిన్న అంచు. కాళ్లు రెండూ గట్టి రాయి మీద. ఐదు సెకన్లు. నొప్పి లేదు, చప్పుడు లేదు. దిగేశాను. ఆ రోజుకు అంతే. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

వేలు మొదట్లో ఇప్పటికీ కొంచెం లావు. టేపు లేకుండా ఎక్కడం లేదు. ప్లాస్టిక్ ఉంగరం దేవుడి గూట్లో పసుపు డబ్బా పక్కన ఉంది, అమ్మ పెట్టింది. మా బృందంలో కొత్తగా చేరిన ఓ అమ్మాయి మొన్న వాచిన వేలు చూపించి ‘‘అక్కా, ఎన్ని రోజులు పడుతుంది?’’ అని అడిగింది. ముందు అల్ట్రాసౌండ్ తీయించుకోమని డాక్టరుగారి దగ్గరికి పంపాను. ఆయన సరేనన్నాక చెక్కముక్క నేనిస్తానన్నాను. బకెట్ మాత్రం ఇవ్వలేను. రోజు విడిచి రోజు అందులో 18 లీటర్లు ఎత్తుతున్నాను. ఆ నీళ్ల కోసం కరివేపాకు చెట్టు ఎదురుచూస్తుంటుంది.